ఎలక్ట్రానిక్ సిటీలో మొదటి ఇల్లు: ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలకు కొన్ని మాటలు



నేను ఈ ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంజనీరింగ్ చదువుకున్నవాణ్ణి. మాది ధర్మవరం. నాన్నగారు పట్టుచీరలు నేసేవారు. 2007లో ఉద్యోగం వచ్చి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లాను. మధ్యలో కొంతకాలం తప్పితే అప్పటి నుంచీ అక్కడే ఉన్నాను.

ప్రతి ఏటా కాలేజీలు ముగిసే రోజుల్లో మన పిల్లల నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఎక్కడ చూసుకోవాలి? అడ్వాన్సు అంత అడుగుతున్నారు, ఇచ్చేయవచ్చా?" అని అడుగుతారు. రెండు రోజులు పోయాక వాళ్ల నాన్నగారో అమ్మగారో చేసి అదే ప్రశ్న ఇంకోలా అడుగుతారు. "బాబూ, డబ్బు ఎలాగో సర్దుతాం. కానీ తిరిగి వస్తుందా?"

ఈ రెండో ప్రశ్నకు నా అనుభవంలోంచే జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా మొదటి అడ్వాన్సు కథ

2007లో మేం నలుగురు స్నేహితులం కలిసి దొడ్డతోగూరులో రెండు పడక గదుల ఇల్లు తీసుకున్నాం. నెలకు 7,000 రూపాయలు బాడుగ. బెంగళూరులో అప్పటి ఆనవాయితీ ప్రకారం పది నెలల బాడుగ అడ్వాన్సు, అంటే 70,000. తలా 17,500 పడింది. ఇంకా మొదటి జీతం కూడా రాలేదు. అమ్మ తన మెడలోని గొలుసు బ్యాంకులో పెట్టి నా వాటా పంపింది. "రెండేళ్లలో తిరిగి వచ్చే డబ్బే కదమ్మా, రాగానే విడిపిస్తాను" అన్నాను.

చేరిన రోజు మాకున్న సంతోషంలో ఇల్లు సరిగా చూడలేదు. వంటింటి సింకు మూల పగిలి ఉంది. స్నానాల గది తలుపు కింద చెక్క ఉబ్బిపోయి ఉంది. గీజరు మొదటి వారమే మొరాయించింది. ఓనరుకు నోటి మాటగా చెప్పాం. "చూద్దాంలే" అన్నారు. మేమూ మరచిపోయాం. అగ్రిమెంటు నాలుగు పేజీలు ఉంటే చివరి పేజీలో సంతకం పెట్టాం తప్ప ఒక్కరం కూడా చదవలేదు.

2009లో ఖాళీ చేసేటప్పుడు 26,000 పట్టుకున్నారు. అందులో 7,000 రంగులకు. అది అగ్రిమెంటులోనే రాసి ఉంది కాబట్టి తప్పు పట్టలేం. మిగతా 19,000 సింకుకు, తలుపుకు, గీజరుకు. "ఇవి మేం వచ్చే సరికే ఇలా ఉన్నాయండీ" అంటే "ఏదీ, రుజువు చూపించండి" అన్నారు. మా దగ్గర కాగితం ముక్క లేదు, ఫోటో లేదు. నలుగురికీ కలిపి 44,000 వచ్చింది. అదీ రెండు విడతల్లో. నా వంతు 11,000.

తక్కువ పడిన 6,500 కూడబెట్టి గొలుసు విడిపించడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లోనే మా చెల్లెలి నిశ్చితార్థం జరిగింది. ఆ రోజు అమ్మ పసుపుతాడుతోనే అందరి ముందూ తిరిగింది. ఎవరో అడిగితే "గొలుసు బరువనిపించి తీసేశాను" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఓనరు చెడ్డవారని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన చేతిలో డబ్బు ఉంది, మా చేతిలో రుజువు లేదు. అంతే జరిగింది. ఆ రుజువు ఎలా ఉంచుకోవాలో నేను నేర్చుకున్నది బెంగళూరులో కాదు, జర్మనీలో.

స్టుట్‌గార్ట్‌లో నేర్చుకున్న పాఠం

2011లో ఆఫీసు పని మీద ఎనిమిది నెలలు స్టుట్‌గార్ట్ నగరంలో ఉన్నాను. నవంబరులో దిగాను. సాయంత్రం అయిదు కాకముందే చీకటి. భాష రాదు. ఒక వృద్ధురాలి ఇంట్లో చిన్న ఫ్లాట్ దొరికింది. తాళాలు ఇచ్చే రోజు ఆవిడ ఒక కాగితం, పెన్ను పట్టుకుని నాతో గది గదీ తిరిగింది. గోడ మీద గీత, కిటికీ గొళ్లెం వదులు, కరెంటు మీటరు అంకె, ఇచ్చిన తాళాలు ఎన్ని, అన్నీ రాసింది. ఇద్దరం సంతకాలు చేశాం. ఆవిడకొక ప్రతి, నాకొక ప్రతి.

నాకు మొదట మనసు చివుక్కుమంది. దొంగను చూసినట్టు చూస్తోందే అనుకున్నాను. ఆ కాగితం ఆవిడను ఎంత కాపాడుతుందో నన్నూ అంతే కాపాడుతుందని ఖాళీ చేసేటప్పుడు తెలిసింది. అదే కాగితం తెచ్చి, అవే గదులు తిరిగి, పావుగంటలో లెక్క తేల్చేసింది. నీళ్లు, హీటింగ్ లెక్కలు పూర్తయ్యాక రావలసిన డబ్బు మొత్తం బ్యాంకులో పడింది.

అక్కడి చట్టం కూడా అద్దెకుండేవారి పక్షాన కొన్ని హద్దులు పెట్టింది. ఇంటి డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు. దాన్ని మూడు నెలసరి వాయిదాలలో కట్టవచ్చు. ఓనరు ఆ డబ్బును తన సొంత డబ్బుతో కలపకుండా విడిగా ఉంచాలి. ఇంట్లో దిగిన రెండు వారాల లోపు ఊరి కార్యాలయంలో మన చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఓనరు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. పై చదువులకు జర్మనీ వెళ్లే మన పిల్లలు ఇది ముందే తెలుసుకుని ఉండాలి. ఇంకో సంగతి. అక్కడ చాలా ఇళ్లకు వంటగది సామాను ఉండదు. పొయ్యి, సింకు కూడా మనమే పెట్టుకోవలసి రావచ్చు. స్టుట్‌గార్ట్ వైపు అయితే మెట్లు ఊడ్చే వంతు వారం చొప్పున ఒక్కో ఇంటివారికి వస్తుంది. నేనూ ఊడ్చాను.

తిరిగి వచ్చాక 2012లో నీలాద్రి రోడ్డు దగ్గర ఇల్లు తీసుకున్నాను. బాడుగ 11,000, అడ్వాన్సు 1,10,000. ఈసారి నేనే ఒక కాగితం తయారు చేసుకుని వెళ్లాను. ఓనరుగారు నవ్వి, "ఇదేంటి కొత్తగా" అన్నారు. కానీ సంతకం చేశారు. 2015లో ఖాళీ చేసిన రోజే ఒక నెల రంగుల ఖర్చు పోను 99,000 చేతికి ఇచ్చారు. ఆ తరువాత ఆయనే తన ఇంట్లో దిగే ప్రతివారితోనూ అలాంటి కాగితం రాయించుకుంటున్నారు.

ముందు ఊరు తెలుసుకోండి

కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1970ల చివర కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీని మొదలుపెట్టింది. ఆ సంస్థ తొలి అధిపతి ఆర్.కె. బాళిగా ఆలోచన అది. అందుకే ఇక్కడ పెద్ద గాజు భవనాల పక్కనే పాత పల్లెటూళ్లు కనిపిస్తాయి. మనకు ఇళ్లు దొరికేది ఎక్కువగా ఆ పల్లెల్లోనే. దొడ్డతోగూరు, నీలాద్రి రోడ్డు, శికారిపాళ్య, అనంతనగర్, హెబ్బగోడి, బొమ్మసంద్ర అన్న పేర్లు మీకు తరచు వినిపిస్తాయి.

ఊరికి ఇది దక్షిణపు కొస. మనవైపు నుంచి బస్సులో హెబ్బాళ మీదుగా వచ్చేవారు ఉత్తరాన దిగుతారు. అక్కడి నుంచి మొత్తం నగరం దాటాలి. 2010లో సిల్క్ బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా సుమారు 10 కిలోమీటర్ల ఎత్తైన రహదారి వచ్చింది. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం మొదలైంది. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల పైచిలుకు, 16 స్టేషన్లు. ఇప్పుడు యశ్వంతపూర్‌లో రైలు దిగినా, మెజెస్టిక్‌లో దిగినా ఆకుపచ్చ మార్గంలో ఆర్.వి. రోడ్డు దాకా వచ్చి అక్కడ పసుపు మార్గానికి మారితే చాలు. మా రోజుల్లో రెండు మూడు గంటలు బస్సులో నిలబడి వచ్చేవాళ్లం.

భాష గురించి భయం వద్దు. మా అనంతపురం వైపు అద్దెను బాడుగ అంటాం, కన్నడంలో బాడిగె అంటారు. ఇక్కడి నుంచి హోసూరు దాకా తెలుగు వచ్చినవారు చాలామందే ఉన్నారు. అయినా నాలుగు కన్నడ మాటలు నేర్చుకుని వెళ్లండి. "నీరు హేగె బరుత్తె?" అని వాళ్ల భాషలో అడిగితే ఓనరు ముఖంలో తేడా మీకే కనిపిస్తుంది.

దిగగానే ఇల్లు తీసుకోవద్దు

మొదటి నెల పి.జి.లో ఉండండి. భోజనం ఎలా ఉన్నా పరవాలేదు, ఒక్క నెలే. ఆ నెలలో మూడు సంగతులు తేలతాయి. మీ ఆఫీసు ఏ గేటు దగ్గర, మీ షిఫ్టు ఏ వేళ, మీతో కలిసి ఉండగలిగిన స్నేహితులు ఎవరు. ఇవి తెలియకుండా పెద్ద అడ్వాన్సు కట్టినవారు నాలుగు నెలలకే ఇల్లు మారి డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

పి.జి.లో చేరే ముందు కూడా అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని అడిగి రాయించుకోండి. ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు ఒకసారి రాత్రి ఎనిమిది తరువాత ఆ వీధికి వెళ్లి చూడండి. పగలు బాగున్న వీధి రాత్రి ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. వీధి దీపాలు, రాత్రి షిఫ్టు నుంచి వస్తే గేటు తెరుస్తారా, ఆఫీసు క్యాబ్ ఎక్కడ ఆగుతుంది, ఇవి చూడాలి.

హోసూరు రోడ్డుకు ఆఫీసు ఏ వైపు ఉంటే ఇల్లూ ఆ వైపే చూసుకోవడం మేలు. ఆ రోడ్డు దాటడం రోజూ ఒక పని.

ఇల్లు చూసేటప్పుడు అడగవలసినవి

1. నీళ్లు. కావేరి నీరా, బోరా, ట్యాంకరా? ట్యాంకరు డబ్బు ఎవరు కడతారు? 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి జనం పడ్డ అవస్థ దేశమంతా చూసింది. ఓనరును మాత్రమే కాదు, పక్కింటివారినీ అడగండి. వేసవిలో ఎలా ఉంటుందని అడగండి.

2. కరెంటు. మీ ఇంటికి విడి మీటరు ఉందా? బిల్లు మీద ఉండే ఆర్.ఆర్. నంబరు రాసుకోండి. కర్ణాటకలో 2023 ఆగస్టు నుంచి గృహజ్యోతి పథకం ఉంది. 200 యూనిట్ల గరిష్ఠ పరిమితికి లోబడి ఇంటి కరెంటు ఉచితం. అద్దెకుండేవారికీ వర్తిస్తుంది. అయితే పాత అద్దెదారు ఆధార్ జోడించి ఉంటే దాన్ని తీయించి మీది జోడించుకోవాలి.

3. మెయింటెనెన్స్. బాడుగలో కలిసే ఉందా, విడిగా కట్టాలా? ఏ ఏ పనులకు?

4. బాడుగ పెంపు. ఏడాదికి ఎంత శాతం? అగ్రిమెంటులో అంకె ఉండాలి.

5. ఖాళీ చేసేటప్పుడు. ఎన్ని నెలల ముందు చెప్పాలి? రంగులకు ఎంత పట్టుకుంటారు? అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు?

బ్రోకరు ద్వారా తీసుకుంటే సాధారణంగా ఒక నెల బాడుగ కమీషన్ అడుగుతారు. వీధులు తిరిగి గేట్ల మీద వేలాడే "టు లెట్" బోర్డులు చూస్తే ఆ ఖర్చు మిగులుతుంది. ఆదివారం ఉదయం అందుకు మంచి సమయం. ఇల్లు కళ్లారా చూడకుండా, ఫోన్‌లో ఫోటోలు చూసి "టోకెన్" పంపమంటే మాత్రం ఒక్క రూపాయి కూడా పంపవద్దు. మిలిటరీలో ఉన్నామనో, విదేశంలో ఉన్నామనో చెప్పి అడిగేవారి పట్ల మరీ జాగ్రత్త.

అడ్వాన్సు, అగ్రిమెంటు, లీజు

ఇప్పుడు పది నెలల అడ్వాన్సు అడిగేవారు తగ్గారు. కానీ బేరం ఆడకపోతే ఇప్పటికీ బరువుగానే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని ఉంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. కాబట్టి ఆ పేరు చెప్పి ఓనరుతో వాదనకు దిగవద్దు. మర్యాదగా బేరమాడండి. "స్వల్ప కడిమె మాడి సార్" అంటే తప్పులేదు.

అగ్రిమెంటు ఎందుకు పదకొండు నెలలకే రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికే పదకొండు నెలలు. ఇందులో మోసం ఏమీ లేదు. కానీ ప్రతి పేజీ చదివి సంతకం పెట్టండి. అర్థం కాని వాక్యం ఉంటే నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించండి. సిగ్గుపడవలసింది లేదు.

అడ్వాన్సు నగదుగా ఇవ్వవద్దు. బ్యాంకు ద్వారా, అగ్రిమెంటులో పేరున్న ఓనరు ఖాతాకే పంపండి. నలుగురు కలిసి ఉంటే ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకం చేయండి. స్నేహం చెడకుండా ఉండడానికే ఇది. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద "ఇంటి అద్దె కోసం" అని, తేదీ రాసి ఇవ్వండి.

బెంగళూరులో "లీజు" అనే పద్ధతి ఒకటుంది. పది, పదిహేను లక్షలు ఒకేసారి ఇచ్చి రెండు మూడేళ్లు బాడుగ లేకుండా ఉండడం, వెళ్లేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. వినడానికి లాభసాటిగా ఉంటుంది. కానీ ఆ ఇల్లు అప్పటికే బ్యాంకు అప్పులో ఉంటే, వాయిదాలు కట్టక బ్యాంకు స్వాధీనం చేసుకుంటే, మీ డబ్బుకు దిక్కు ఉండదు. పొలం అమ్మిన డబ్బో, పెళ్లికి దాచిన డబ్బో ఇలా పెట్టవద్దని తల్లిదండ్రులకు నా మనవి. తప్పదనుకుంటే ఇంటి పత్రాలు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ వకీలుకు చూపించి, ఒప్పందం రిజిస్టర్ చేయించాకే ముందుకు వెళ్లండి.

చేరిన రోజు రాసుకోవలసిన కాగితం

ఈ వ్యాసంలో మిగతాదంతా మరచినా ఈ ఒక్క భాగం గుర్తుంచుకోండి. ఒక తెల్ల కాగితం తీసుకుని ఇవి రాయండి:

- తేదీ, ఇంటి చిరునామా, ఓనరు పేరు, మీ పేర్లు.
- కరెంటు మీటరు అంకె. పాత బిల్లు బాకీ ఉందా, లేదా.
- తాళాలు ఎన్ని ఇచ్చారు.
- ఫ్యాన్లు, లైట్లు, గీజరు ఎన్ని; ఏవి పనిచేస్తున్నాయి, ఏవి లేదు.
- ప్రతి గదిలో పగుళ్లు, చెమ్మ, మరకలు. తలుపులు, గొళ్లేలు.
- సింకు, కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు.

రెండు ప్రతులు తీసి ఇద్దరూ సంతకం చేయండి. ప్రతి లోపాన్ని ఫోన్‌తో ఫోటో తీసి అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. తేదీ దానంతట అదే పడుతుంది. సంతకానికి ఓనరు ఒప్పుకోకపోయినా ఆ ఫోటోలు మీకు అండగా ఉంటాయి. తరువాత ఏదైనా చెడిపోతే నోటి మాటతో సరిపెట్టకుండా ఒక మెసేజ్ పంపండి. ఖాళీ చేసే ముందు అదే కాగితం పట్టుకుని ఓనరుతో ఇల్లంతా తిరగండి.

ఇదంతా అనుమానపడడం కాదు. మగ్గం మీద నుంచి చీర దించాక కొలత వేసి, బరువు తూచి, పుస్తకంలో రాసుకునే షావుకారును చూస్తూ పెరిగాను. నాన్నగారూ తన పుస్తకంలో అదే రాసుకునేవారు. రెండు పుస్తకాల్లోనూ ఒకే అంకె ఉంది కాబట్టే వాళ్ల మధ్య ముప్పై ఏళ్లు మాట పట్టింపు రాలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట

వీలుంటే మొదటిసారి పిల్లలతో కలిసి వెళ్లి రెండు రోజులు ఉండి రండి. ఓనరుతో మీరు ఒకసారి మాట్లాడితే ఆయనకూ భరోసా, పిల్లలకూ ధైర్యం. అడ్వాన్సు కోసం బంగారం కుదువ పెట్టవలసి వస్తే ఆ సంగతి పిల్లలకు దాచవద్దు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టరు. నాకు తెలిసీ నేను పెట్టాను, ఆ తప్పు నాది. మీ పిల్లలు పెట్టకూడదనే ఇదంతా చెప్పాను.

ఈ సంవత్సరం కొత్తగా ఉద్యోగాలకు, పై చదువులకు వెళుతున్న మన పిల్లలందరికీ నా శుభాకాంక్షలు. అడ్వాన్సు తిరిగి వచ్చిన రోజు మొదట అమ్మకు ఫోన్ చేయండి.